మోకాళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ నూనె

మా ఊరి పటేలు మోకాళ్ల మీది ఆ నూనె వాసన ఇప్పటికీ నా ముక్కును వదల్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ నూనె రాస్తే నొప్పులు పోతాయని ఏ దరిద్రుడు చెప్పాడో గానీ, మక్తల్ పక్క ఊళ్లన్నీ నమ్మాయి. ఆ నూనె ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగచుట్టలను చల్లబరుస్తుందని, తగ్గితే వేడెక్కి పేలుతుందని లైన్‌మన్‌గా నేను గొంతు చించుకున్నాను. ఒక్కడూ వినలేదు. సీసాలకు సీసాలు పట్టుకుపోయారు, ఛీ!

ఎండాకాలం ఓ మధ్యాహ్నం మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. పక్కనే ఉన్న పటేలు గడ్డివాము బూడిదైంది.

కొత్తది లారీ దిగకముందే పటేలు కుంటుకుంటూ వచ్చాడు. గడ్డివాము పోయిందని ఏడుస్తాడనుకున్నాను. ధోవతి మడతలోంచి ఖాళీ సీసా తీశాడు.

"పాత నూనె కాలిపాయె గదనే. గీ కొత్తదాంట్లకెల్లి జర పొయ్యి."