ఎర్రగుడ్డల తిన్నె

ముందే చెప్పేస్తున్నాను, నేను చెప్పే దోమకి ఏనుగు తొండం ఉంటుంది. మా ఇంట్లోవాళ్లు నా మాటను సగానికి కోసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి వింటారు. మీరూ అలాగే వినండి.

ధవళేశ్వరం దిగువన, మా రేవుకు ఎదురుగా, వరద తగ్గాక ఒక ఇసుకతిన్నె తేలుతుంది. దాని అంచున ఊబి. ఏటా మా రేవు పడవాయన ఆ ఊబి పక్కన వెదురుగడ పాతి ఎర్రగుడ్డ కడతాడు. ఇటు రావద్దని దాని అర్థం. రేవులో పుట్టినవాళ్లకి అది ఒకరు చెప్పక్కర్లేదు.

కిందటేడు ఎవరో అమ్మాయి ఆ గడ పక్కన నిలబడి, ఇక్కడ ఎర్రగుడ్డ కడితే ప్రేమ ఫలిస్తుందని రీల్ పెట్టింది. అంతే. ఎక్కడెక్కడినుంచో జంటలు దిగడం మొదలైంది. గది, గడ, గుడ్డ కలిపి ప్యాకేజీ అంటూ ఫోన్లలో ప్రకటనలు కూడా వచ్చాయి. పొద్దున్నే మంచులో అందరూ ఒకే చోట ఆగి, ఒకేలా తల వెనక్కి తిప్పి, ఒకేలా నవ్వేవారు. మొహాలు మారేవి, నవ్వు మారేది కాదు. ఒకే జంట లక్షసార్లు వస్తున్నట్టు ఉండేది నాకు. చూస్తుండగానే తిన్నె ముళ్లపందిలా తయారైంది.

ఒక ఉదయం పడవాయన్ని అడిగాను. "ఇందులో నీ గడ ఏదయ్యా?"

ఆయన గడలన్నిటిమీదా చూపు తిప్పాడు. "నాకే తెలీట్లేదండి మేస్టారూ. ఫొటోకి బాగుంటదని ఎవరో పీకి ఇంకోచోట పాతేశారండి."

అప్పటికే తిన్నెమీద ఒక కుర్రాడు గుడ్డ పట్టుకుని గడలు దాటి పోతున్నాడు. వెనక ఒక అమ్మాయి ఫోను పట్టుకుని ఉంది.

"బాబూ, అటెళ్లకండి! ఊబండీ!" పడవాయన అరిచాడు.

కుర్రాడు మాకు చెయ్యి ఊపాడు. అమ్మాయి ఫోను మావైపు తిప్పింది. "తాతగారూ, ఇంకోసారి అరవండి! వీడియోలో భలే వచ్చింది!"

ఆమె మళ్లీ అటు తిరిగేసరికి కుర్రాడు మోకాళ్ల దాకా లేడు. మేం పడవ వేసుకుని చేరేసరికి నడుం దాకా లేడు. పడవాయన ఇసుకమీద బల్ల పరిచి, దానిమీద బోర్లా పడుకుని, చంకల కింద చేతులేసి లాగాడు. నేను ఆయన కాళ్లు పట్టుకున్నాను. కుర్రాణ్ణి వదిలేశాక ఇసుక రాజమండ్రి దాకా వినపడేలా త్రేన్చింది.

బల్లమీద వెల్లకిలా పడి, కుర్రాడు మొదట అడిగిన మాట, "వచ్చిందా?"

అమ్మాయి తల ఊపింది.

మర్నాడు రేవు నిండా జనం. "వీడియోలో అరిచిన తాతగారు మీరేనా అండి? ఆ అబ్బాయి మునిగిన చోటు ఎక్కడండి?" అందరిదీ అదే నవ్వు. పడవాయన వెంటపడి అడుగుతున్నారు. ఆయన ఒక్కొక్క గడే పీకుతూ తిన్నెమీద తిరుగుతున్నాడు. ఆయన వెనకే కొత్తవి పాతుతున్నారు.

ఇందులో నేను పూర్తిగా కల్పించింది ఆ త్రేన్పు ఒక్కటే. కుర్రాడు దిగబడుతున్నంతసేపూ, బయటపడ్డాక కూడా, ఇసుక ఏ చప్పుడూ చెయ్యలేదు.