అంటు కింది చిగురు

కయానీ ఊరి మొక్కల తోటలో ఇరవయ్యేళ్లు పనిచేసిన హెల్వికి "కుదరదు హెల్వి" అని పేరు. మొక్క ఎంత చలికి ఓర్చుకుంటుందో చెప్పే చీటీ మీది అంకె చూడనిదే ఆమె దేన్నీ అమ్మేది కాదు. ఆ మంచుదేశంలో చలి తక్కువుండే దక్షిణపు తీరానికి ఒకటో అంకె. ఉత్తరానికి పోయేకొద్దీ చలీ, అంకే పెరిగి ఎనిమిది దాకా వెళ్తాయి. కయానీది ఐదు. మూడో అంకె గులాబీని ముచ్చటపడి ఎత్తుకొచ్చిన వాళ్లతో, "కుదరదు. జనవరిలో ఇది చస్తుంది, జూన్‌లో మీరొచ్చి నన్ను తిడతారు," అని మొహం మీదే చెప్పేది.

అలాంటి మనిషి ఒక్కసారి అబద్ధమాడింది. అదీ పక్కింటి ఓయివతో.

ఓయివ భార్య సైమి చనిపోయిన ఏడాది అది. ఆమెది దక్షిణాన తుర్కు దగ్గరి పల్లె. తన పుట్టింటి పెరట్లో తెల్ల ఆపిల్ కాసేదనీ, తింటే తేనేననీ బతికినన్నాళ్లూ చెప్పిందట. ఆ రకం అంటుమొక్క ఒకటి లారీలో పొరపాటున కయానీకి వచ్చింది. ఓయివ దాన్ని గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు.

"బతుకుతుందా హెల్వీ?"

ఆ పొద్దునే యజమాని, "నీ నోటికి జడిసి జనం రావడం మానేశారు," అని దులిపేశాడు. పైగా ఎదురుగా ముసలాయన తడి కళ్లు. హెల్వి చీటీ మీది మూడో అంకెను గోటితో చించి జేబులో వేసుకుంది.

"నిక్షేపంలా బతుకుతుంది, ఓయివ గారూ."

రెండు చలికాలాలు మెత్తగా గడిచాయి. మూడోది మైనస్ ముప్పై ఎనిమిది. మంచుకు పైన ఉన్న కొమ్మలన్నీ మాడి నల్లబడ్డాయి. జూన్‌లో ఓయివ కంచె దగ్గరకు పరుగున వచ్చాడు.

"చచ్చిందనుకున్నా! చిగురేసింది, రా, చూద్దువుగాని! సైమి మొండిఘటం, ఊరికే పోతుందా?"

హెల్వి వంగి చూసింది. చిగురు అంటు ముడికి కింద ఉంది. పైన అంటుకట్టిన తెల్ల ఆపిల్ పోయింది. వచ్చింది అడుగు వేరు తాలూకు అడవి ఆపిల్. చెప్పాల్సింది అప్పుడే. ఆయన అప్పటికే కాఫీ పెట్టాడు, బన్ను కోశాడు. తేలు కుట్టిన దొంగలా తాగి వచ్చేసింది.

ఆ తరువాత తొమ్మిదేళ్లు ఆయన దాన్ని బిడ్డలా సాకాడు. కుందేళ్లు కొరక్కుండా వల చుట్టాడు. మంచు పడిన ప్రతిసారీ, ఎలుకలు మంచు కింద సొరంగం తవ్వి బెరడు తినకుండా, మొదలు చుట్టూ బూట్లతో తొక్కేవాడు. తొక్కుతూ మాట్లాడేవాడు. "సైమీ, ఇవాళ చేపల పులుసు మాడిపోయింది. నువ్వుంటే తిట్టేదానివి." ఆ మాటలు వినపడితే హెల్వి కిటికీ తెర లాగేసుకునేది. రేపు చెబుదాం అనుకునేది. రేపటికి రూపు లేదు.

నిరుడు సెప్టెంబరులో మొదటి కాపు వచ్చింది. ఐదు కాయలు, నిమ్మకాయంతే. ఓయివ ఒకటి కొరికి, మిగతావి తెచ్చి హెల్వి బల్ల మీద పెట్టాడు. పండుగ చొక్కా వేసుకున్నాడు.

"పుల్లగా ఉన్నాయే, హెల్వీ. సైమి తేనె అంది కదా. నేనే సరిగ్గా చూసుకోలేదు. ఎరువెక్కడో తప్పాను. ఆవిడ ఒక్కటంటే ఒక్కటి కోరుకుంది, అదీ నా చేతుల్లో చెడింది."

హెల్వి ఇక ఆగలేకపోయింది.

"మీ తప్పు కాదండీ. ఇది సైమి చెట్టే కాదు. ఆ చెట్టు మూడో చలికాలమే పోయింది. ఇది కింద అడవి వేరు మొలక. చిగురేసిన రోజే చూశాను. అసలు ఇక్కడ బతకదని తెలిసే ఇచ్చాను. చీటీ చించింది నేనే."

ఓయివ ఒక కాయను చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

"మరి తొమ్మిదేళ్లూ నేను ఎవరితో మాట్లాడాను, హెల్వీ?"

ఆయన ఖాళీ చేతులతో వెళ్లిపోయాడు.

నవంబరులో మంచు పడింది. ఓయివ బయటికి రాలేదు. మర్నాడూ రాలేదు. చెట్టు చుట్టూ అడుగు పడని మంచు చూస్తూ హెల్వి రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు బూట్లు తొడుక్కుని, కంచె గేటు తీసుకుని వెళ్లి, మొదలు చుట్టూ తొక్కడం మొదలుపెట్టింది. కిటికీలో ఓయివ కనిపించాడు. కాఫీకి రమ్మని పిలవలేదు.

ఈ చలికాలం కూడా ఆమే తొక్కుతోంది.