మావ కారుకు నేను పట్టిన పాలిష్

ఇంట్లో ఇప్పటికీ నన్ను ఏ మెషీన్ దగ్గరకీ రానివ్వరు. పాలిష్ పట్టబోయి మా మావ కారు బేరం ముంచేశానట! విని, తప్పెవరిదో మీరే తేల్చండి.

మావంటే మా అమ్మ తమ్ముడు, నాకు పిల్లనిచ్చినవాడు. గజపతినగరంలో పప్పుల కొట్టు. పాత కారు అమ్మేసి, కొట్టుకు సరుకు తోలే వ్యాను కొనాలని ఆయన ఆశ. ఆ సాయంత్రం గరివిడి నుంచి ఒకాయన కారు చూడ్డానికి వస్తానన్నాడు. నేనేమో కొత్తగా ఆన్‌లైన్‌లో ఆర్బిటల్ పాలిషర్, అదే, గిరగిరా తిరుగుతూ కారుకు మెరుగుపెట్టే మెషీన్, తెప్పించుకుని ఉన్నాను.

"మావా, అద్దంలా మెరిపించేస్తాను. మారు మాట్లాడకుండా పట్టుకుపోతాడు."

"రంగు ఊడిపోద్దేటిరా?"

"నాకు తెలీదా!"

తెలుసండీ, నిజంగా తెలుసు! కారు కడిగాను. రబ్బరు అంచులకు టేపు వేశాను. ప్యాడ్‌కు పాలిష్ పేస్టు రాసి, పెయింటుకు ఆనించాకే స్విచ్ నొక్కాను. తక్కువ స్పీడులో, ఒక్కచోట నిలపకుండా తిప్పాను. డ్రైవర్ వైపు తలుపులో మావ మీసం స్పష్టంగా కనిపించింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పోదూ మరి, ఊరంతట్లో పని చేస్తున్నది నేనొక్కణ్ణే కదా! మెషీన్‌ని బానెట్ మీద వెల్లకిలా పెట్టి, టీ తాగడానికి లోపలికి వెళ్లాను.

టీ సగంలో ఉండగానే గరివిడి ఆయన దిగాడు, మల్లెపువ్వులాంటి తెల్లచొక్కాతో. కారు చుట్టూ తిరిగి, మెరిసే తలుపు దగ్గర ఆగాడు.

"ఈ డోరు మార్సినారు కదేటండీ?"

"మార్చడమేమిటండీ! పాలిష్ పట్టాను."

"ఒక్క డోరుకేనా? నాకు సెప్తారేటి బాబూ! ఇది యాక్సిడెంట్ బండి."

ఒళ్లు మండిపోయింది నాకు. చెమటోడ్చి మెరిపిస్తే మెచ్చుకోవాల్సింది పోయి, దొంగని చేస్తాడా!

మావ గుండెమీద చెయ్యేసుకున్నాడు. "నా కొట్టు మీద ఒట్టండీ. కొన్నకాడ్నుంచి గీత కూడా పడనేదు. ఇటొచ్చి బానెట్ సూడండి."

ఆయన బానెట్ మీదికి వంగాడు. కరెంటు వచ్చింది.

ప్లగ్గెందుకు పీకలేదని నన్నడక్కండి. వేలు తీసినా తిరిగేలా ఆ స్విచ్‌కి లాక్ పెట్టింది నేనా? మెషీన్ గుర్రుమని లేచి, తెల్లచొక్కా నిండా పేస్టు చిమ్మింది. బానెట్ పొడవునా గీత గీసింది. హెడ్‌లైటు పగలగొట్టి కిందపడి, అక్కడా గిరగిరా తిరుగుతూనే ఉంది.

"పీకరా! ప్లగ్గు పీకీరా!" అని మావ కేకలు.

పీకాను. పీకీ పీకగానే మళ్లీ కరెంటు పోయింది. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా!

గరివిడి ఆయన మొహం తుడుచుకుని, మావ భుజం తట్టాడు. "ఏటీ అనుకోకండి బాబూ, తప్పు నాదే. ఇందాకల ఇది యాక్సిడెంట్ బండి కాదు. ఇప్పుడైనాది." అని చక్కా వెళ్లిపోయాడు. ఆయనతోపాటే వ్యానూ వెళ్లిపోయింది.

నేను మెరిసే ఆ తలుపు మీద కుడిచెయ్యి పెట్టి గంభీరంగా ప్రమాణం చేశాను. "ఈ జన్మలో కరెంటు పోయిందంటే ముందు ప్లగ్గు పీకుతాను మావా, ఆ తర్వాతే టీ!"

"సెయ్యి తియ్యరా," అన్నాడు మావ. "మరక పడిపోద్ది. బండి మొత్తమ్మీద అదొక్కటే బాగున్నాది."