నర్సు వెనక్కి తీసుకున్న కాగితం

బీడీలు చుడుతూ కూర్చున్నదాన్ని లేచేసరికి చాప మీద నెత్తురు మరక కనిపించింది. ముట్లు ఆగిపోయి అప్పటికి ఏడాది దాటింది. సుజాతకు చెప్పకుండా చాప కడిగి ఆరేశాను. రెండు నెలలు అట్లా కడుగుతూనే ఉన్నాను, నా తెలివి అట్లా తెల్లారింది.

బోధన్‌లో సుజాత, నేను పదహారేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. నా పెళ్లి ఆరు నెలలకే చెడింది. ఆ తర్వాత ఆమెతోనే నా సంసారం. వాడకట్టు వాళ్లకు మాత్రం మేం అక్కాచెల్లెళ్లం. వాళ్లు ఆరా తీయలేదు, మేమూ చెప్పలేదు.

నిజామాబాద్‌లో బయాప్సీ చేసి సర్వైకల్ కేన్సర్, సెకండ్ స్టేజ్ అన్నారు. రేడియేషన్‌కు హైదరాబాద్ పంపారు. ఫారం నింపే నర్సు భర్త ఉన్నాడా అంటే లేడన్నాను. తోడు వచ్చిందెవరంటే చెల్లెలన్నాను. ఏళ్లుగా అలవాటైన మాట, దానంతట అదే వచ్చింది.

రేడియేషన్ చివరి రోజు అదే నర్సు వార్డులో అందరికీ ఒక కాగితం పంచింది. నా చేతిలో పెట్టి, ఫారం చూసుకుని వెనక్కి ఇమ్మని చేయి చాపింది. "ఇది మొగుళ్లున్నోళ్లకమ్మా, నీకెందుకు" అంది. నేను నవ్వి ఇచ్చేశాను.

ఇంటికొచ్చాక విరేచనాలు, నీరసం, మూత్రంలో మంట. ఆరు నెలలకు అవి తగ్గాయి. నాకు బాగా లేనప్పుడు మంచం దిగి కింద పక్క వేసుకున్న సుజాత మాత్రం మళ్లీ పైకి రాలేదు. నేనంటే రోత పుట్టిందనుకున్నాను. ఒకరోజు నేనే పిలిచాను. లోపల కత్తితో గీసినట్టు నొప్పి పుట్టి కెవ్వుమన్నాను. ఆమె హడలిపోయి చేయి తీసేసింది. ఆ తర్వాత రెండేళ్లు మేం నిజంగానే అక్కాచెల్లెళ్లలా బతికాం. ఆమె ఆకు కత్తిరించేది, నేను చుట్టేదాన్ని. కూర గురించి తప్ప మాట ఉండేది కాదు.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాను, నేనంటే అంత అసహ్యమా అని. సుజాత కత్తెర కింద పెట్టింది.

"నీకు రోగం నాతోనే అంటింది గదనే. పక్కల పండేటోళ్లతోనే వస్తదని వార్డుల ఒకామె చెప్పింది. మళ్ల ముట్టుకుంటే తిరగబెడ్తదని భయమైంది."

రెండేళ్లు ఆ భయాన్ని ఒక్కతే మోసింది, పిచ్చిది.

తర్వాతి ఫాలోఅప్‌కు ఇద్దరం కలిసి లోపలికి పోయాం.

"ఈమె నా చెల్లె కాదు మేడం. మేం మొగుడు పెండ్లాల లెక్క ఉంటం" అన్నాను.

డాక్టరమ్మ రాయడం ఆపి మా ఇద్దరినీ చూసింది. హెచ్‌పీవీ అనే వైరస్ ఎప్పుడో వచ్చి ఏళ్లపాటు ఒంట్లో ఉండిపోతుందని, ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరని, ముట్టుకుంటే కేన్సర్ తిరగబెట్టదని సుజాతకే చెప్పింది. సుజాత అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసింది.

"రేడియేషన్‌తో లోపలి దారి ముడుచుకుపోయింది. దారి మూసుకుపోకుండా లోపల పెట్టుకునే గొట్టం, డైలేటర్ అంటారు, అదీ జెల్ అప్పుడే మొదలుపెట్టాల్సింది. ఇప్పుడు పూర్తిగా మామూలు కాదమ్మా" అంది.

ఆ కాగితంలో రాసి ఉన్నది అదేనట.

ఇప్పుడు రెండూ వాడుతున్నాను. నొప్పి పోలేదు. సుజాత మళ్లీ నా పక్కన మంచం మీదికి వచ్చింది. ఎక్కడ నొప్పి, ఏది హాయి అని నోరు తెరిచి చెప్పుకుంటున్నాం, ఇన్నేళ్లలో ఆ మాటలు మాకు ఎప్పుడూ రాలేదు. కొన్ని రోజులు బాగుంటుంది. కొన్ని రోజులు ఆమె నా వీపు నిమురుతుంది, నేను ఏడుస్తాను, అంతే.

ఇది చదివే అక్కలకు ఒక్కటే చెప్తాను. ఫారంలో మీ మనిషిని ఏమని రాయించుకుంటారో మీ ఇష్టం. డాక్టరు గదిలో మాత్రం ఒక్కరికైనా నిజం చెప్పండి. అందుకు ధైర్యం చాలకపోతే, అందరికీ ఇచ్చే కాగితం మీకూ ఒకటి అడిగి తీసుకోండి. చేతిలోకి వచ్చింది మాత్రం నవ్వి ఇచ్చేయకండి.