దీవి నుంచి ఆలస్యంగా చేరిన ఫోటోలు

మా వదినకు సముద్రం చూపించాలని అన్నయ్య చాలా ఏళ్లుగా అనుకునేవాడు. ఆయనకు జగ్గయ్యపేటలో హైవే పక్కన లారీలను తూచే కాటా ఉండేది. సిమెంటు లారీలు వస్తూనే ఉండేవి కాబట్టి దాన్ని వదిలి ఎక్కడికీ కదిలేవాడు కాదు. వాళ్లకు పిల్లలు లేరు. పెళ్లయ్యాక వదిన చేసిన దూరప్రయాణం తిరుపతి ఒక్కటే. నేను నందిగామలో టీచర్‌ని. ఒక వేసవిలో మా స్కూలు టీచర్లం కొందరం అండమాన్ టూర్‌కి పేర్లిచ్చామని తెలియగానే అన్నయ్య ఫోన్ చేశాడు.

"మీ వదినను కూడా తీసుకుపోమ్మా. నేనెటూ తిప్పలేకపోతున్నా."

ఆయన బెంగంతా ఫోన్ గురించే. వదినను వెంటబెట్టుకొని బజారులో సెల్ షాపుకు వెళ్లాడు. "అండమాన్ కూడా మన దేశమే కదండీ, ఏ సిమ్మైనా పనిచేస్తది" అన్నాడట షాపతను. అన్నయ్య ఆ మాట నమ్మలేదు. అక్కడికి వెళ్లొచ్చిన వాళ్లెవరినో కనుక్కొని, వదినకు వేరే కంపెనీ సిమ్ తీసుకొని, డేటా ప్యాక్ వేయించాడు. వాట్సాప్‌లో ఫోటోలు పంపడం కూడా దగ్గర కూర్చుని నేర్పాడు. "సిగ్నల్ లేదని ఆగిపోకు. నువ్వు పంపుతానే ఉండు. నెట్ తగలగానే వాటంతటవే నాకు వచ్చేస్తయ్" అని చెప్పాడు.

పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. వదిన ఒడ్డున నిలబడి వీడియో కాల్ చేస్తే అన్నయ్య కాటా గదిలోంచి మాట్లాడేవాడు. వెనక లారీల హారన్లు వినపడేవి. "నీళ్లు నిజంగా అంత నీలంగా ఉన్నాయా, ఫోన్లోనే అట్లా కనపడతన్నాయా?" అని అడిగేవాడు.

ఆ తర్వాత ఒక చిన్న దీవికి వెళ్లాం. పడవలో సగం దారి దాటేసరికి అందరి ఫోన్లలోనూ సిగ్నల్ గీతలు పోయాయి. దీవిలో దిగాక అడిగితే, టవర్ ఉంది గానీ చెడిపోయి చాలా రోజులైందని, మర్నాడు తిరిగి వెళ్లేటప్పుడు పడవలో సిగ్నల్ వస్తుందని గెస్ట్‌హౌస్ వాళ్లు చెప్పారు. వదిన కాసేపు ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిరిగింది. అన్నయ్య కంగారు పడతాడేమోనని ఒకటే గొణుగుడు. చివరికి, ఎటూ రాదని తెలిసిపోయాక, చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని నీళ్లలోకి దిగింది. నా నల్లకళ్లజోడు అడిగి పెట్టుకుంది. అల వచ్చి తడిపితే చిన్నపిల్లలా అరిచింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ ఫోటోలు నేనే తీశాను, ఆమె ఫోన్‌తోనే. వదిన గట్టు మీద కూర్చుని ఒక్కొక్కటే అన్నయ్యకు పంపింది. అన్నిటి కిందా వెళ్లలేదన్న గుర్తుగా చిన్న గడియారం బొమ్మ నిలబడింది.

మేం దీవికి వెళ్లే పడవలో ఉన్నప్పుడే, ఆ రోజు పొద్దున, అన్నయ్య కాటా గదిలో కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయాడు. పనివాళ్లు కారులో వేసుకొని విజయవాడకు బయల్దేరారు. నందిగామ దాటకుండానే ప్రాణం పోయింది.

మర్నాడు మధ్యాహ్నం తిరుగుపడవలో నా ఫోన్‌కు ముందుగా సిగ్నల్ వచ్చింది. నాదీ వదినదీ వేరు వేరు కంపెనీలు. ఫోన్ ఆగకుండా మోగింది. మా బంధువుల గ్రూపులో అన్నీ దండం పెట్టే చేతుల బొమ్మలు, 'ఓం శాంతి'లు. మా పెద్దవాళ్లలో ఎవరో పోయారనుకున్నాను. ఎవరా అని పైకి జరుపుతూ పోతే దండ వేసిన అన్నయ్య ఫోటో కనిపించింది. మా ఆయన పెట్టిన మెసేజ్ విడిగా ఉంది. 'ఇంకొక్క రోజు ఉంచమని ఎంతో చెప్పాను. వినలేదు. పన్నెండింటికి తీసుకెళ్లిపోయారు. మీ చిన్నాన్న కొడుకు తలకొరివి పెట్టాడు.'

వదిన నా పక్కనే కూర్చుని గవ్వలు కొంగులో వేసి తుడుస్తోంది.

"నీకు వచ్చిందా సిగ్నల్? నాదింకా రాలేదు. మీ అన్నయ్య ఎన్ని సార్లు చేసుంటారో పాపం" అంది.

నేను ఫోన్ బోర్లించి పట్టుకున్నాను. ఆమె నా మొహం చూసింది.

"ఏంటమ్మాయ్?"

"అన్నయ్య పోయాడు వదినా."

"ఏ అన్నయ్య?" అంది. నాకు ఉన్నది ఒక్కడేనని ఆమెకు తెలుసు.

గవ్వలు సంచిలో పోసి, "పద, ఎట్లాగైనా రాత్రికల్లా వెళ్లిపోదాం. నేను వెళ్లేదాకా ఉంచుతారు కదా" అంది. అప్పుడు ఆ రెండో మాట కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె ఏడవలేదు. రెండు చేతులతో బల్లను గట్టిగా పట్టుకొని నీళ్లవైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె సంచిలో ఫోన్ కూడా ఆ సమయంలోనే మోగడం మొదలుపెట్టింది. దాన్ని మేమిద్దరం పట్టించుకోలేదు.

విమానం మర్నాడు గానీ దొరకలేదు. చెన్నై మీదుగా గన్నవరం వచ్చి కారెక్కాం. పరిటాల దగ్గర హనుమంతుడి విగ్రహం కనిపిస్తే ఎప్పుడూ దండం పెట్టుకునే మనిషి, ఆ రోజు తల కూడా తిప్పలేదు.

జగ్గయ్యపేటలో ఇంటి ముందు షామియానా ఇంకా విప్పలేదు. మా మేనత్త గడపలోనే ఎదురొచ్చింది. ఆమె చేతిలో అన్నయ్య ఫోన్ ఉంది. వదినను పట్టుకొని ఏడుస్తుందనుకున్నాను. ఆ ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది.

"చూడవే, మీ వదిన ఏం పంపిందో. తలకొరివి పెట్టొచ్చిన పిల్లాడు తడిబట్టలైనా మార్చుకోలేదు. అప్పుడు టింగుటింగుమని వచ్చినయ్యి ఇవి."

నల్లకళ్లజోడుతో, తడిసిన బట్టలతో, నోరారా నవ్వుతున్న వదిన. ఒకటి కాదు, అన్నీ. గదిలో ఉన్న ఆడవాళ్లందరూ అప్పటికే చూశారు.

"అవి ముందురోజు తీసినవి అత్తా. సిగ్నల్ లేక ఆగిపోయి, పడవలోకి వచ్చాక వాటంతటవే వచ్చినయ్."

"కింద టైమేసుంది కదే. నాకు అంకెలు కూడా రావనుకున్నావా? రెండు రోజులు ఫోన్ కట్టేసుకుంది. ఎన్నిసార్లు చేసినా స్విచ్చాఫని ఫోన్లో ఆ పిల్ల చెప్తానే ఉంది."

"స్విచ్చాఫ్ లేదా పరిధిలో లేదు అని చెప్తది అత్తా. మొత్తం వినాలి కదా."

"మన పేటలో ఉన్న సిగ్నలు, అంతమంది షికార్లకు పోయే చోట లేదంటే ఎవరు నమ్ముతారే?"

మా ఆయన టూర్ వాళ్లకు ఫోన్ చేసి సంగతి కనుక్కొని ముందే వీళ్లకు చెప్పాడు. అయినా ఒక్కరూ నోరు మెదపలేదు. నా ఫోన్ కూడా ఆ రెండు రోజులూ వదిన ఫోన్ చెప్పిన మాటే చెప్పింది. ఆ మాట నేనే అంటే, "నువ్వు ఈ ఇంటి ఆడపిల్లవి, నీదేముందిలే" అని మేనత్త నా తల నిమిరింది. నాకు ఒళ్లు మండిపోయింది. నా తోడబుట్టినవాడు పోయాడని ఏడుద్దామన్నా, ఆ ఇంట్లో ఏడుపుకు చోటు లేకుండా పోయింది.

వదిన గోడకు ఆనుకొని నేల మీద కూర్చుంది. నేను మళ్లీ చెప్పబోతుంటే చెయ్యి పట్టుకొని ఆపింది.

"ఊరుకో అమ్మాయ్. అట్లా పంపమని చెప్పింది ఆయనే. ఆయనకు తెలుసు."

దినం అయ్యేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఆమెతో సరిగా మాట్లాడలేదు. అన్నయ్య ఫోన్‌కే కాటా కస్టమర్లు చేస్తారని చిన్నాన్న కొడుకు దాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు, తర్వాత కాటా కూడా అతనే చూసుకోవడం మొదలుపెట్టాడు. అందులో ఫోటోలన్నీ తుడిచేశానని, అదేదో మేలు చేసినట్టు నాకు చెప్పాడు. వదినను గ్రూపులోంచి తీసేశారు. ఎవరు తీశారో అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు.

ఇప్పుడు వదిన నందిగామలోనే, మా మేడ మీద గదిలో ఉంటోంది. ఒక కళ్లాసుపత్రిలో పేర్లు రాసుకునే చోట కూర్చుంటుంది. పేటలో శుభకార్యాలకు ఎవరూ పిలవరు, పిలిచినా ఆమె వెళ్లదు. నేను వెళ్తుంటాను.

ఈ మధ్య పెనుగంచిప్రోలులో మా వాళ్ల గృహప్రవేశానికి వెళ్లాను. బంతిలో కూర్చున్నాక పక్కనున్నావిడ వదిన ఎలా ఉందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఎదురు వరసలోంచి ఎవరో, "ఫోన్ ఎత్తుతుందా ఇప్పుడైనా?" అన్నారు. చాలామంది నవ్వారు. కోపంతో కాదు, పాత హాస్యం గుర్తొచ్చినట్టు నవ్వారు. వాళ్లలో కొందరికి అసలేం జరిగిందో కూడా తెలియదు. విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కొని, ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చేశాను. ఆటోలో పేటకు వచ్చి బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి వదిన మేడ మీద బట్టలు తీస్తోంది.

"అప్పుడే వచ్చేశావేంటి? భోజనం చేశావా?" అని అడిగింది.

"లేదు వదినా."

ఎందుకని ఆమె అడగలేదు. బట్టలు మంచం మీద పడేసి, లోపలికి వెళ్లి నాకు అన్నం పెట్టింది.