ఒక్క ఎత్తు వచ్చిన పెద్దబాపు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో చదరంగం ఆడి నవ్వుకుంటూ ఇంటికి వచ్చినవాళ్ళను నేను చూడలేదు. ధర్మపురికి ఇవతలి పక్క చిన్న ఊరు మాది. రజాకార్ల గొడవ సద్దుమణిగి ఏడాదో రెండేళ్ళో అయింది కానీ, జనం చేతుల్లో కర్రలు ఇంకా కింద పడలేదు. చావడిలో ఒక బండ మీద బొగ్గుతో గళ్ళు గీసి ఆడేవారు. అక్కడ అందరినీ ఓడించేవాడు మా బాపుకు వరసకు అన్న, నాకు పెద్దబాపు. ఓడినవాణ్ణి ఊరికే పోనిచ్చేవాడు కాదు. వీపు మీద అచ్చు పడేలా చరిచి పంపేవాడు.

మాకూ ఆయనకూ ఒకటే బావి. ఆ యాసంగిలో నీళ్ళు అడుగంటి, ఒక్క మోటకు సరిపోయేటన్ని మాత్రమే ఊరేవి. మా వంతు వచ్చిన రోజు పెద్దబాపు మా మోట తాడును కొడవలితో తెగ్గోశాడు. అడగబోయిన మా బాపును జుట్టు పట్టి కిందికి గుంజి, మోకాలితో ముఖం మీద పొడిచాడు. ఎవరితో జగడమైనా ఆయన మొదలుపెట్టేది అట్లాగే. బాపు ముక్కు పగిలి ధోతి ఎర్రగా తడిసింది. మా వరి అప్పుడు పొట్ట మీద ఉంది. నీళ్ళు అందకపోతే ఆ ఏడాదంతా మాకు తిండి మక్క గటకే, అదీ దొరికితే.

ఊరి పెద్దమనుషులు ఆయనకు భయపడి పంచాయతీ చేయలేమన్నారు. అప్పుడు మా తాత తనే పోయి, చదరంగంలో తేల్చుకుందాం, గెలిచినవాళ్ళే ముందు మోట కట్టాలి అన్నాడు. పెద్దబాపు పకపకా నవ్వాడు.

"ముసలోనివైతివి, నా దెబ్బకు ఆగుతవా కాకా?"

అప్పటి మా ఆటలో ఒక పద్ధతి ఉండేది. షా, అంటే రాజుకు గురిపెట్టిన దెబ్బ, తగలకముందు రాజు ఒక్కసారి గుర్రంలా దుమకవచ్చు. షా పడిందంటే ఆ హక్కు పోయినట్టే. పెద్దబాపు ఆటంతా ఆ హక్కును ముందే పోగొట్టడం మీదే. బంట్లను జరిపి, వజీరును, అంటే మంత్రిని, బయటికి లాగి, 'షా' అని బండ అదిరేలా గుద్దేవాడు. ఆట అంతంతమాత్రం వచ్చినవాళ్ళకు ఆ ఒక్క గుద్దు చాలు, తప్పు మీద తప్పు ఆడేవారు. నిజానికి అది గొప్ప ఎత్తేమీ కాదు. ఎదుటివాడు బెదిరినంతసేపే పనిచేసేది.

ఆట నాడు పొద్దున్నే తాత మంగలిని పిలిపించి గుండు చేయించుకున్నాడు, దాని మీద దండిగా నూనె రాసుకున్నాడు. ఇంట్లో చావు లేదు, దినం లేదు, ఈ గుండేమిటని మా నాయనమ్మ తిట్టింది. ధర్మపురి నర్సన్న మొక్కు అని ఒక్క మాటతో సరిపెట్టి, నన్ను వెంటబెట్టుకుని చావడికి పోయాడు.

ఆట మొదలవుతూనే తాత తన రాజును పక్కకు దుమికించాడు. అప్పటికి ఎవరూ దాన్ని తాకనైనా లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"నీ రాజు దెబ్బ పడకముందే ఉరికె గదనే కాకా," అన్నాడు పెద్దబాపు.

"ఉరకనియ్యి," అన్నాడు తాత.

వజీరు అలవాటు ప్రకారం దూసుకొచ్చింది. షా కొట్టడానికి రాజు అక్కడ లేడు. అది కళ్ళతో చూస్తూ కూడా పెద్దబాపు చేయి పాత దారినే పోయింది. ఇంకో దారి ఆ చేతికి తెలియదు. తాత ఒక బంటుతో వెనుక దారి మూసి, గుర్రంతో వజీరును చంపాడు. ఆ తర్వాత జరిగింది ఆట కాదు, కోత. ఏనుగులు పడ్డాయి, ఒంటెలు పడ్డాయి, చివరికి రాజు మూలలో చిక్కి ఆట కట్టింది.

పెద్దబాపు లేచి తాత జుట్టు కోసం చేయి విసిరాడు. నూనె గుండు మీద చేయి జారింది. ఆ ఊపుకు తనే బోర్లా పడి, బండ అంచుకు మూతి కొట్టుకున్నాడు. నెత్తురూ పళ్ళూ కలిసి గళ్ళ మీద పడ్డాయి. మా బాపు ఆయన మెడ మీద కాలు వేసి కర్ర ఎత్తాడు. కొట్టు బాపూ అని అరిచింది నేనే. తాత ఆ కర్రను పట్టుకున్నాడు.

"ఆగు. గీనికి వచ్చింది ఒక్కటే, గదీ పాయె. ఇగ కొట్టి ఏం జేస్తవ్? పోయి మోట గట్టు."

ఆ మధ్యాహ్నం మా మళ్ళలోకి నీళ్ళు పారాయి, వరి దక్కింది. పెద్దబాపు మాత్రం వాచిన మూతితో ఇంటికి పోయి పెద్దమ్మను కొట్టాడు. మా గెలుపులో ఆమె తిన్న దెబ్బలు కూడా ఉన్నాయి. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పొలం ఒడ్డు మీద కూర్చుని తాత నాతో అన్న మాట ఇది. "కొత్తోళ్ల మీద ఏ ఎత్తయినా నడుస్తది బిడ్డా. దానితోని గెలిచి గెలిచి రుచి మరిగినోడు, రెండోది నేర్వడు."

నేను బడికి పోయింది మూడో తరగతి దాకే. మనుమలకు చదరంగం నేర్పింది మాత్రం నేనే. ఒకే ఎత్తుతో వరుసగా గెలిచి గంతులేసే పిల్లవాణ్ణి నేను మెచ్చుకోను, ఆ ఎత్తు మానేసి ఆడి చూపించమంటాను. వాళ్ళకు కోపం వస్తుంది, రానీ. ఎవరైనా నా మీదికి అరుస్తూ వస్తే నాకు ఇప్పటికీ భయమేస్తుంది. అయినా వెనక్కి తిరగను. మొదటి దెబ్బను పోనిచ్చి, వీడి దగ్గర రెండోది ఏముందో చూద్దామని నిలబడతాను. చాలామంది దగ్గర ఉండదు.