నల్లాకు కట్టిన పచ్చ తీగ

మా బాపు వైర్‌మన్. పాతబస్తీల ఎన్ని ఇండ్లల్ల మొదటి బల్బు ఆయన చేతుల మీద వెలిగిందో ఆయనకే తెల్వకుండె. ఆయన పోయినంక అన్నలు ఇల్లు పంచుకున్నరు, ఇత్తడి గిన్నెలు పంచుకున్నరు. స్క్రూలు తిప్పే పేచ్‌కసులు, పానాలు, కరెంటుంటే వెలిగే టెస్టర్ ఉన్న రేకు డబ్బా మాత్రం ఎవ్వరికీ అక్కర రాలే. నేనే తెచ్చుకున్న. పుట్టింటి నుంచి కోడలు పట్టుచీర గాదు, పానాల డబ్బా పట్టుకొచ్చిందని మా అత్త నెత్తి కొట్టుకున్నది. మా ఆయన నవ్విండు.

ఆ నవ్వు సంగతి ముందుగాల చెప్పాలె. ఆయన కొట్టేటోడు కాదు, తిట్టేటోడు కాదు. గవర్నమెంటు ఆఫీసుల గుమాస్తా, నలుగురిల మంచోడు. నవ్వుతడు, గంతే. కూరల ఉప్పెక్కువైతే ఇంట్ల నవ్వి ఊకోడు. ఆఫీసుల చెప్తడు, పెండ్లిళ్లల్ల చెప్తడు, ఆ ఒక్కనాటి ఉప్పును ఏడాది పొడుగునా అందరికీ వడ్డిస్తడు. నా బతుకుల నేను చేసిన అన్నిటికన్న పాడు పని, ఆ నవ్వుకు భయపడి చేసిన. ఆయన మీద నెట్టేసి తప్పించుకుందామని గాదు. నోరు నాది, మూసుకున్నది నేను.

శాలిబండల మేమున్నది ఒకప్పటి పెద్ద హవేలీల సగం ముక్క. మిగిలిన సగంల ఖాలా, ఆటో నడిపే ఆమె కొడుకు. నడుమ గోడ లేపిన్రు గాని నల్లా కనెక్షన్ మాత్రం ఒక్కటే మిగిలింది. ఇనుప పైపు మా బాత్రూముల నుంచి గోడల దూరి ఖాలా వాకిట్ల తేలుతది. పొద్దుగాల ఐదింటికి నీళ్లొస్తయి, ఆరింటికి బంద్. ఆ గంటలనే రెండిండ్లోళ్లు తాగేటివి, వాడేటివి పట్టుకోవాలె.

గల్లీ మొత్తానికి ఆమె ఖాలానే, అంటే పిన్నమ్మ. లక్క గాజులు చేస్తుండె. బొగ్గుల కుంపటి ముందర కూసోని లక్క మెత్తగ చేసి, గాజు చుట్టి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయి అద్దుతుండె. లాడ్ బజార్ల ఒక సేఠ్ సామాను పంపుతుండె, తయారైన గాజులు తీసుకపోతుండె. మొగుడు పోయినంక ఆ రెండు చేతులతోనే కొడుకును పెంచింది. కొడుకు చేతికొచ్చిండు గదా, ఇంక మానేయరాదా అంటే, సగం ఉర్దూ సగం తెలుగుల, "నక్కో, వద్దు బేటీ. కొడుకు ఎంత మంచోడైనా వాని ముందర చెయ్యి చాపొద్దు. చెయ్యి ఆడినన్ని దినాలే ఇజ్జత్" అంటుండె. నేను కొత్త కోడలుగ వచ్చిననాడు రెండు జతల గాజులు నా మణికట్టు మీదనే సైజుకు ఒత్తి తొడిగింది. లక్క ఇంక వేడిగనే ఉండె, అయినా నాకు చుర్రుమననియ్యలే. "చుర్రుమన్నదా?" అని మాత్రం పదిసార్లు అడిగింది.

ఎనభైలల్ల మా మరిది దుబాయ్ నుంచి వస్తు వస్తు ఎలక్ట్రిక్ షవర్ తెచ్చిండు. తెల్ల డబ్బా, కింద జల్లెడ. ఇటు నుంచి సల్లనీళ్లు పోతే అటు నుంచి వేడినీళ్లు పడుతయి. కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి, పొగకు కండ్లు మండుకుంట నీళ్లు కాగబెట్టేదాన్ని నేను. ఆ డబ్బాను చూసి నాకు ఏడుపొచ్చింది, నిజంగ. ఇంటి మీద ట్యాంకు లేదు గనుక నల్లా పైపుకే బిగించిన్రు. నీళ్లొచ్చే గంటలనే షవర్ గూడ. మా ఆయన చలికాలం పొద్దుగాల వేన్నీళ్ల కింద నిలబడి పాటలు పాడుడు మొదలుపెట్టిండు.

రెండు నెలలకు అది కారుడు షురువైంది. పైపు, డబ్బా కలిసేకాడ బొట్టు బొట్టు పడి గోడ ఉబ్బింది. మలక్‌పేట నుంచి ఒక ఫిట్టర్‌ను పిలిస్తే, దూరం నుంచే చూసి, "దుబాయ్ సామాను, నేను చెయ్యి పెట్టను" అని చాయ్ తాగి పోయిండు. ఇంక చూడు, నాకు చిర్రెత్తుకొచ్చింది. బాపు డబ్బా దించిన. పాత సైకిల్ ట్యూబుల నుంచి గుండ్రంగ వాచర్ కోసిన. మరల మీద నూలు దారం చుట్టి, పైన సఫేదా, అదే ఫిట్టర్లు రాసే తెల్ల ముద్ద, పూసిన. పానాతోని బలంకొద్దీ బిగించిన. తెల్లారి ఒక్క బొట్టు పడలే.

పడలే గాని, ఆ బలానికి డబ్బా లోపల ఏదో చీరుకపోయింది. బయట ఆగిన బొట్టు లోపలికి పోయింది. గది నాకు అప్పుడు తెల్వదు. మా ఆయన మాత్రం లోపలి నుంచి కేక పెట్టిండు, "ఏమే, ఇది గుచ్చుతున్నదే!" అని. అప్పటికే నవ్వు మొహం పెట్టుకోనే బయటికొచ్చిండు. ఎర్త్ లేక కరెంటు గుచ్చుతున్నదని నాకు అర్థమైంది. ఆ షవర్ వైరుల మూడు తీగలున్నయి, మా పాత బోర్డుల రెండు రంధ్రాలే. మూడో తీగ, పచ్చది, ఊకెనే వేలాడుతుండె. బాపు రేడియోకు ఎర్త్ కావాలంటే తీగ తెచ్చి నల్లా పైపుకు కడుతుండె. ఇనుప పైపు భూమిలకు పోతది, కరెంటు దాంతోని పోతది అంటుండె. నేను గూడ పచ్చ తీగ చర్మం ఒలిచి నల్లా పైపుకు నాలుగు చుట్లు చుట్టి కట్టిన. మధ్యాహ్నం స్విచ్చు వేసి డబ్బాకు, పైపుకు టెస్టర్ పెట్టి చూసిన. వెలగలే.

మధ్యాహ్నం నీళ్లు యాడియి? నీళ్లు పారితేనే గదా లోపల తడిసేది, తడిస్తేనే గదా కరెంటు బయటికొచ్చేది! ఇంకొక్కటి గూడ నేను మరిచిన. రెండేండ్ల కింద గల్లీల పైపు తుప్పు పట్టి మోరీల మురికి నీళ్లు కలుస్తున్నయని, బయటి ముక్క తీసేసి నల్లటి ప్లాస్టిక్ పైపు వేసిన్రు. మా రెండిండ్ల ఇనుప పైపుకు ఇంక భూమితోని సంబంధమే లేదు. ఆ పని జరిగినప్పుడు నేను గడపల నిలబడి కండ్లార చూసిన. వైర్‌మన్ బిడ్డనంట, నా మొహం!

తెల్లారి మా ఆయనకు గుచ్చలే. ఎందుకు గుచ్చుతది, స్నానం చేసేకాడ కట్టె పలక మీద నిలబడమని నేనే చెప్తిని. నేను హవాయి చెప్పులు లేకుండ బాత్రూములకు పోనే పోను. పెండ్లైనంక మొదటిసారి ఆయన నవ్వకుండ, "శభాష్, వైర్‌మన్ సాబ్" అన్నడు. ఆఫీసుల గూడ చెప్పిండట. గల్లీల ఆడోళ్లు ఇస్త్రీ పెట్టెలు, మిక్సీలు పట్టుకోని వచ్చుడు మొదలైంది. నా కాళ్లు భూమి మీద నిలవలే. ఆ పది దినాలు నేను ఎంత సంబరపడ్డనో చెప్తె సిగ్గైతది.

అప్పుడు వచ్చింది ఖాలా, కుడిచెయ్యి ఎడమచేత్తోని ఒత్తుకుంట.

"బేటీ, పొద్దుగాల ఫజర్ నమాజుకు ముందుగాల వజూకు కాళ్లు చేతులు కడుగుదామని నల్లా పట్టుకుంటే చెయ్యి ఝుమ్మంటున్నది. మోచెయ్యి దాక పోతున్నది. నీకు తెలుసు గదా కరెంటు సంగతి, జర చూడు."

చూసిన. మధ్యాహ్నమే చూసిన, మళ్ల. నలుగురు ఆడోళ్ల ముందర టెస్టర్ తీసి ఆమె నల్లాకు పెట్టిన. వెలగలే. డాక్టర్ లెక్క తలకాయ ఊపి, "నల్లాల ఏం లేదు ఖాలా. మీ నరాలే. వయసైతున్నది గదా" అన్న. నా ఇంట్ల పచ్చ తీగ ఒక్కసారి గూడ గుర్తుకు రాలే. నిజం చెప్తున్న, రాలే.

నేను చెప్పిన మాట గల్లీకి వేదమైంది. ఖాలా నరాలు పాడైనయంట, టెస్టర్ పెట్టి చూసిన్రంట! కొడుకు హకీమ్ కాడికి తీసుకపోయిండు. కుంపటి సెగకు నరాలు ఎండినయి, లక్క పని బంద్ చెయ్యాలె అన్నడు హకీమ్. సీసా నిండ నూనె ఇచ్చిండు. సగంల ఉన్న గాజుల సామాను కొడుకు ఆటోల వేసుకపోయి సేఠ్‌కు వాపసిచ్చి వచ్చిండు. సాయంత్రాలు నేనే పోయి ఖాలా చేతులకు నూనె రాస్తుంటి. "నా కడుపున పుట్టకపోతివి" అని నా తల నిమురుతుండె. పొద్దుగాల మళ్ల మా ఆయన షవర్ కింద పాడుతుండె, గోడ అవుతల ఆమె ఉత్తకాళ్లతోని తడి బండ మీద కూసోని నల్లా పట్టుకుంటుండె.

ఒకనాడు నా చెప్పు బద్దె తెగింది. ఉత్తకాళ్లతోనే బాత్రూములకు పోయి, షవర్ నడుస్తుండంగనె, కింద నల్లాకు బకెట్ పెడదామని చెయ్యి వేసిన. ఝుమ్మన్నది. మోచెయ్యి దాక.

బకెట్ దొర్లింది. నేను గోడకు ఆనుకోని పచ్చ తీగ దిక్కు చూసిన. ప్లాస్టిక్ పైపు, మధ్యాహ్నం టెస్టర్, ఖాలా వజూ, అన్నీ ఒక్కసారే తెలిసొచ్చినయి. భూమిలకు పోవాల్సిన కరెంటును నా పచ్చ తీగనే గోడ దాటించి ఖాలా చేతిల పెడుతున్నది. "ఏందే, ఏమైంది?" అన్నడు మా ఆయన సబ్బు నురుగులకెల్లి. "ఏం లేదు, కాలు జారింది" అన్న.

ఆయన ఆఫీసుకు పోంగనె తీగ కోసిన, షవర్ పీకిన, అటక మీద పారేసిన. లోపల కాయిల్ కాలిందని ఆయనతోని చెప్పిన. ఇంక చూసుకో! "వైర్‌మన్ సాబ్ రిపేరు చేస్తె గట్లనే ఉంటది" అని నెలదాక నవ్విండు. ఆ నవ్వు పడ్డ. ఒక్క మాట చెప్తె దానికి పదింతలు పడాల్సొస్తుండె. పక్కింటామెకు షాకులు పెట్టి, మళ్ల నూనె రాసిందంట అని చచ్చేదాక చెప్పుకోని నవ్వుతుండె. గది నేను పడలేకపోయిన.

మూడు దినాలకు ఖాలా ఉరికి వచ్చింది. రెండు చేతులు నా మొహం ముందర ఆడించి, "దేఖ్ బేటీ! పోయింది! నీ చేతి నూనె మహిమ!" అన్నది. అప్పుడన్న చెప్పాలె గదా. గుమ్మడికాయల దొంగ లెక్క భుజాలు తడుముకున్న. ఆమె సంబరంగ బురఖా వేసుకోని కొడుకు ఆటోల సేఠ్ కాడికి పోయింది. పొద్దుగూకంగ వచ్చింది. సేఠ్ కూసోబెట్టి చాయ్ తాగించిండంట, ఆరాం చెయ్యమన్నడంట. ఒకసారి పోయిన చేతులు మళ్ల పోతయి, వేడి లక్కతోని పని, నాకు భయమమ్మా అన్నడంట. ఆమె సామాను ఇంకెవరికో పంపుతున్నడు. ఖాలా ఏడ్వలే. చల్లారిన కుంపటిల బూడిద తీసి, దాన్ని బోర్లించి గోడ పక్కన పెట్టింది.

ఆ చేతులు ఎన్నడూ పాడు గాలేదని ఒక్క మనిషి పోయి సేఠ్‌తోని చెప్పాలె. ఆ మనిషి నేను తప్ప ఇంకెవ్వరూ కాదు. వారం దినాలు నాతోని నేనే కొట్లాడుకోని, ఆదివారం చీర మార్చుకోని బయలుదేరిన. "యాడికి?" అన్నడు మా ఆయన. గాజులకు అన్న. "పా, నేనూ వస్త, చార్మినార్ కాడ చాయ్ తాగి చాన దినాలైంది" అని చెప్పులేసుకున్నడు.

దుకాణంల సేఠ్ పెట్టెలు ముందర పరిచి, ఏడికెల్లి వచ్చిన్రని అడిగిండు. మా ఆయన శాలిబండ అన్నడు.

"అరె, మా గాజుల ఖాలా ఉండేది ఆడనే గదా! ఎన్నేండ్లు చేసిందమ్మా మాకు. అసుంటి పని మళ్ల దొరకదు. చేతులు పోయినయంట పాపం. ఇప్పుడెట్లున్నయి?"

దేవుడు మాట నోట్ల పెట్టి ఇచ్చినట్టే ఇచ్చిండు. నేను నోరు తెరిచిన గూడ. అంతల మా ఆయన అందుకున్నడు. "మా పక్కిల్లే సేఠ్! మా ఆవిడనే టెస్టర్ పెట్టి చూసింది. మా ఇంట్ల వైర్‌మన్ ఉన్నది, తెలుసా? దుబాయ్ షవర్‌ను రిపేరు చేసి కాలబెట్టింది!" ఆయన నవ్విండు. సేఠ్ నవ్విండు. పక్కన గాజులు చూస్తున్న ఇద్దరు ఆడోళ్లు గూడ నవ్విన్రు. సేఠ్ నవ్వు ఆపి, మళ్ల నా దిక్కు చూసిండు, జవాబు కోసం.

"ఏమో. నాకంత తెల్వదు" అన్న. చెయ్యి చాపిన. సేఠ్ గాజులు తొడిగిండు.

మర్నాడు ఖాలా వాకిట్ల బియ్యంల రాళ్లు ఏరుతున్నది. కొత్త గాజులు కనబడంగనె నా చెయ్యి పట్టుకోని వెలుతురుకు తిప్పింది.

"లక్క చల్లారినంక అద్దిన్రు. ఈ రాయి నిలవదు" అన్నది. "మా సేఠ్ దుకాణంవే ఇవి. నా సంగతి ఏమన్న అడిగిండా బేటీ?"

"లేదు ఖాలా. అడగలే."

"పనులల్ల ఉన్నడేమో" అన్నది. లేచిపోయి పొయ్యిలకెల్లి చిన్న నిప్పు కణిక పట్టుకారుతోని పట్టుకొచ్చింది. నా మణికట్టుకు దగ్గరగ, తగలకుండ పట్టి, లక్క మెత్తబడంగనె ఊగుతున్న రాయిని బొటనవేలితోని లోపలికి ఒత్తింది. "చుర్రుమన్నదా?" అని అడిగింది. లేదన్న. ఆమె వేళ్లు కొంచెం గూడ వణకలే.